మొహం కనపడేలా

మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై నిమిషాలకు పాపని పడుకోబెట్టాను. ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నది జ్ఞాపకశక్తి వల్ల కాదు. రాసిపెట్టుకున్నాను. రూళ్ల నోటుబుక్కులో ఎడమవైపు గడిలో "1-20, బోర్లా" అని ఉంది. కుడివైపు గడి లేచిన వేళ రాయడానికి. అది ఖాళీగా ఉంది.

డెబ్బైల నడిమి కాలం. నేను విశాఖ పోర్టులో, కొండ మీద సిగ్నల్ స్టేషన్‌లో గుమాస్తాని. ఓడ కనపడిన వేళ, ఓడని రేవులోకి నడిపే పైలట్ ఎక్కిన వేళ, లంగరు దించిన వేళ, తీసిన వేళ లాగుబుక్కులో రాయడం నా పని. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాణ్ణి. పాప పుట్టాక ఆ అలవాటే ఇంట్లోకి తెచ్చుకున్నాను. ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, అంతే. ఆ నోటుబుక్కు ఒకసారి నా సంచిలో మా సెక్షన్ మిత్రుడి కంట పడింది. అతను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు.

"ఏటి బావా ఇది? పిల్లకి కూడా లాగుబుక్కు రాస్తన్నావా?"

"పడుకుంది, లేచింది. అంతే కదా."

"లంగరేసినప్పుడు ఓపాలి రాయాల, తీసినప్పుడు ఓపాలి రాయాల. మరి పైలట్టెవులు? నువ్వా, మా సెల్లెమ్మా?"

ఇద్దరం నవ్వాం. నేను ఇంటికి వచ్చి ఆ మాట నా భార్యకి చెబితే ఆమె కూడా నవ్వింది.

వన్ టౌన్‌లో ఒక సందులో, మేడ మీద రెండు గదుల్లో అద్దెకి ఉండేవాళ్లం. కింద ఇంటివాళ్ల పరుపుల దుకాణం. ఇంటాయన ముసలాయన. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. సందంతా ఆయన్ని సాయిబుగారు అనేది, మేమూ అలాగే అనేవాళ్లం. పగలంతా దూది ఏకే విల్లు చప్పుడు మా నేల కిందనుంచి వచ్చేది. పాప ఆ చప్పుడుకి అలవాటు పడి, అది ఆగితే లేచేది.

మామూలుగా తొలికాన్పు పుట్టింట్లో జరుగుతుంది. నా భార్యకి ఏడో నెలలో రక్తపోటు వచ్చి, ప్రయాణం వద్దని డాక్టరు అన్నందువల్ల మా అత్తగారే ఇక్కడికి వచ్చారు. ఆవిడ పాతకాలపు మనిషి. అల్లుడితో నేరుగా మాట్లాడేవారు కాదు. తలుపు చాటున నిలబడి, "అల్లుడుగారితో చెప్పవే" అని కూతురికి చెప్పేవారు. నేను మూడడుగుల దూరంలో ఉండేవాణ్ణి. అంతా వినేవాణ్ణి. అయినా నా భార్య మళ్లీ నాకు చెప్పేది.

ఆవిడ వచ్చేటప్పుడు ఒక కొత్త వెదురు చేట తెచ్చారు. పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టడం వాళ్ల వైపు ఆచారం. పాత నూలుచీర నాలుగు మడతలు వేసి చేటలో పరిచి, దాని మీద పాపని వెల్లకిలా పెట్టేవారు. మూడు వైపులా చేట అంచు, నాలుగో వైపు తెరిచి ఉంటుంది. దిండు లేదు, దుప్పటి లేదు. ఆవిడ వంటింట్లో ఉంటే చేట వంటింటి గుమ్మంలో ఉండేది. బట్టలు మడతపెడుతుంటే పక్కన ఉండేది. తను ఎక్కడికి కదిలితే అక్కడికి చేటని జరుపుకుంటూ వెళ్లేవారు. బియ్యం చెరిగే చేటలో బిడ్డేమిటని నాకు చిన్నతనంగా ఉండేది.

నా దగ్గర పుస్తకం ఉంది.

ఓడల నుంచి దిగిన పాత పుస్తకాలు ఆ రోజుల్లో మా సందు చివర పేవ్‌మెంటు మీద అమ్మేవారు. నావికులు చదివి వదిలేసినవి. నేను వాటి మీదే బతికేవాణ్ణి. నవలలు, చరిత్ర, ఏది దొరికితే అది. నా భార్యకి అయిదో నెలలో నాకు అక్కడ పిల్లల పెంపకం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. విదేశీ డాక్టరు రాసింది, లావుగా, అట్ట చిరిగి ఉంది. ఏ ఓడ కెప్టెన్ భార్యదో. పాప పుట్టేలోపు రెండుసార్లు చదివాను. బిడ్డని బోర్లా పడుకోబెట్టడం మంచిదని అందులో ఉంది. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకి అడ్డం పడవచ్చు, బోర్లా ఉంటే ఆ భయం లేదు, నిద్ర కూడా గట్టిగా పడుతుంది. కారణంతో సహా చెప్పాడు. మా వాళ్లెవరూ దేనికీ కారణం చెప్పగా నేను వినలేదు. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకున్నాను.

ఒకరోజు అది చదివి తెలుగులో చెప్పాను. తలుపు చాటు నుంచి అత్తగారు అన్నారు.

"ఆ పుస్తకం రాసినావిడ ఎంతమందిని కందో అడగవే."

"రాసింది మగాయన అమ్మా," అంది నా భార్య.

"అదీ సంగతి. అయితే ఎంతమందికి నీళ్లు పోశాడో అడుగు."

నా భార్య నవ్వు ఆపుకుంటూ నావైపు చూసింది. నేను కూడా నవ్వాను. పెద్దవాళ్ల మాట అని ఊరుకున్నాను. ఇరవై ఒకటో రోజు బారసాల అయ్యేదాకా చేట. ఆ తర్వాత పాప తన మంచంలోకి వస్తుందని ఒప్పందం.

ఆ మంచం నేనే చేయించాను. ఓడల్లో సరుకు కదలకుండా అడ్డం పెట్టే చెక్క పోర్టులో వేలం వేస్తారు. ఆ చెక్కతో, చుట్టూ కమ్మీలు పెట్టించి, చిన్న మంచం. దానికి పరుపు కావాలని కిందికి దిగాను.

"పాపకి, సాయిబుగారూ. బూరుగు దూదితో కుట్టండి."

ఆయన విల్లు పక్కన పెట్టాడు.

"పసిగుడ్డుకి బూరుగు దూదా బాబూ? అందులో నాను కూకుంటే ఇద్దరు లేపాల."

"మెత్తగా ఉండాలని."

"మెత్తగుంటాది. అదే సెబుతన్నాను. పిల్లకి మెత్తగుండకూడదు. పాత సీర మడతెట్టి ఎయ్యండి, సాలు. మా ఇంట్లో ఏడుగురు అలాగే పెరిగారు."

"మీ దుకాణంలో మీరే పరుపు వద్దంటే ఎలా?"

"అందుకే కదా ఇలాగున్నాను," అని దుకాణం వైపు చెయ్యి చూపించి నవ్వాడు. కానీ కుట్టాడు. చాలా బాగా కుట్టాడు. తెల్లటి గుడ్డ, అంచుకి నీలం దారం. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగేది. ఆ మెత్తదనం నాకు ఎంత నచ్చిందో నాకు గుర్తుంది. బిడ్డ మీద ప్రేమ ఎంతో ఆ పరుపు అంత అనుకున్నాను.

మూడో నెల వచ్చింది. ఊళ్లో మా మామగారికి ఒంట్లో బాగాలేదని ఉత్తరం వచ్చి అత్తగారు బయలుదేరారు. నేను స్టేషన్‌కి వెళ్లాను. రైలు కదలబోతుండగా ఆవిడ కిటికీలోంచి నాతో మాట్లాడారు. నాతోనే. పెళ్లయిన నాలుగేళ్లలో అది మొదటిసారి.

"అల్లుడుగారూ, మీ పుస్తకం సంగతి నాకు తెలీదు. పిల్ల మొహం కనపడేలా పడుకోబెట్టండి. మొహం కనపడితే చాలు."

"అలాగేనండి," అన్నాను.

చేట వంటింట్లో మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. అత్తగారు ఉన్నన్నాళ్లూ కమ్మీల మంచంలో కూడా పాప ఎక్కువగా వెల్లకిలానే ఉండేది. నేను తిప్పితే ఆవిడ నేను లేనప్పుడు మళ్లీ తిప్పేసేవారు. ఆవిడ వెళ్లాక తిప్పేవాళ్లు లేరు.

ఆవిడ వెళ్లిన తొమ్మిదో రోజు నాకు సెలవు. మధ్యాహ్నం భోజనం అయ్యాక పాపని నేనే భుజాన వేసుకుని తిప్పి, కునుకు పట్టగానే మంచంలో బోర్లా పెట్టాను. నోటుబుక్కులో రాశాను. పక్కనే కుర్చీ వేసుకుని చదువుకుంటూ కూర్చున్నాను. మంచానికి నాకు మధ్య ఒక గజం ఉంటుంది. కింద విల్లు చప్పుడు. నా భార్య కింద కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది.

రెండున్నరకి ఆమె పైకి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ మంచం వైపు చూసింది.

"ఇంకా లేవలేదా? లేపనా?"

"వద్దు. లేపకు. ఎంత హాయిగా పడుకుందో చూడు."

ఆమె వెళ్లి బట్టలు ఆరేసింది. నేను మళ్లీ చదువుకున్నాను. పాప అంతసేపు ఏకధాటిగా నిద్రపోవడం అదే మొదలు. పుస్తకం చెప్పినట్టే జరుగుతోందని సంతోషించాను. ఆ సంతోషం గురించి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

మూడు దాటాక కింద విల్లు ఆగింది. సాయిబుగారు నమాజుకి లేచినట్టున్నాడు. చప్పుడు ఆగినా పాప కదలలేదు. అప్పుడు పుస్తకం మూసి లేచి చూశాను. నాకు కనపడింది తల వెనక జుట్టు. మొహం పరుపులో ఉంది. చెయ్యి వేశాను. చొక్కా మీద వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం కిటికీలోంచి పడుతున్న ఎండది. తిప్పాక తెలిసింది.

ఆ తర్వాతది నాకు వరుసగా గుర్తులేదు. నా భార్య పరుగున వచ్చింది. పాపని నా చేతుల్లోంచి తీసుకుని మెట్లు దిగింది, చెప్పులు లేకుండా. సాయిబుగారు రిక్షా ఆపాడు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చాలా చిన్నవాడు. "ఊపిరి ఆగిపోయిందండి. ఒక్కోసారి ఇలా జరుగుతుంది. ఎందుకో చెప్పలేం," అన్నాడు. పాలు కక్కిందా అని అడిగాను. లేదన్నాడు. నేను ఆ ప్రశ్న ఎందుకు అడిగానో అతనికి తెలియదు. పాలు అడ్డం పడలేదు, అంటే బోర్లా పెట్టడం పనిచేసిందని నా బుర్రలో ఒక మూల అనుకుంది. ఆ నిమిషంలో కూడా నేను పుస్తకం వైపే ఉన్నాను.

పసిపిల్లలని కాల్చరు. సాయంత్రం నలుగురం వెళ్లాం. నా మిత్రుడు పలుగు తెచ్చాడు. లాగుబుక్కు అని నవ్వినవాడే గుంట తవ్వాడు.

మర్నాడు పొద్దున సాయిబుగారు పైకి వచ్చి, మమ్మల్ని అడగకుండా, మంచంలోంచి పరుపు తీసుకున్నాడు. పెరట్లో దాన్ని విప్పి, దూదిని గోతాంలో కుక్కి, ఎక్కడికో మోసుకెళ్లి ఖాళీ చేతులతో వచ్చాడు. తర్వాత ఎవరైనా పసిపిల్లకి పరుపు అడిగితే, "అది కుట్టను. పెద్దోళ్లకైతే సెప్పండి," అనేవాడు. కారణం చెప్పేవాడు కాదు. నేను మెట్ల మీద ఉంటే గొంతు తగ్గించేవాడు.

కొన్నాళ్లకి ఆ పుస్తకం మళ్లీ తీశాను. ఎక్కడ తప్పు జరిగిందో వెతకడానికి. నేను గీత గీసిన వాక్యం ఉంది. దానికి మూడు వాక్యాల కింద, అదే పేజీలో, బిడ్డ పరుపు గట్టిగా, చదునుగా ఉండాలని, మెత్తటిది పనికిరాదని ఉంది. రెండుసార్లు చదివాను కదా, చూడలేదని చెప్పలేను. చూశాను. దాని కింద గీత గీసుకోలేదు. మొహం కనపడాలని అత్తగారు చెప్పారు, మెత్తగా ఉండకూడదని సాయిబుగారు చెప్పాడు, పుస్తకమూ చెప్పింది. నేను నాకు కావలసిన ఒక్క వాక్యం తీసుకున్నాను. నా తప్పు పరుపు అని తేల్చుకున్నాను. విచిత్రంగా అది కొంత ఊరట ఇచ్చింది. తప్పు నాది, పుస్తకానిది కాదు.

మూడేళ్లకి రెండో పాప పుట్టింది. ఈసారి కూడా అత్తగారే వచ్చారు. పాత చేట మేకు మీంచి తీసి, కడిగి, ఎండబెట్టారు. సాయిబుగారు అడగకుండానే పాత చీరలతో ఒక బొంత కుట్టించి పంపాడు. చెక్క మీద కొట్టినట్టు గట్టిగా, చదునుగా ఉంది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. పరుపు సంగతి తీరింది కాబట్టి ఇక మిగతాది పుస్తకం ప్రకారం చేయవచ్చు. బిడ్డని చేటలోంచి తీసి బొంత మీద బోర్లా పెట్టాను.

వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. తలుపు చాటున ఆగలేదు. నా ముందే వంగి, బిడ్డని వెల్లకిలా తిప్పారు. తర్వాత నా వైపు చూడకుండా కూతురితో అన్నారు.

"అల్లుడుగారితో చెప్పవే. ఒకదానికి ఊరుకున్నాను. దీనికి ఊరుకోను."

ఈసారి నా భార్య ఆ మాట నాకు మళ్లీ చెప్పలేదు. బిడ్డకీ నాకూ మధ్య వచ్చి కూర్చుంది.

నేను ఒప్పుకున్నాను. నమ్మి కాదు. దుఃఖంలో ఉన్న ఆడవాళ్లతో వాదించకూడదని. నాకు తెలిసినది సరైనదేనని, వాళ్ల కోసం వదులుకుంటున్నానని అనుకున్నాను. పాలు గొంతుకి అడ్డం పడతాయేమోనని ఎన్నో మధ్యాహ్నాలు చేట పక్కన కూర్చుని, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను. ఆ పాప పెరిగింది. బడికి వెళ్లింది.

ఎనభైల చివరికి మేము సీతమ్మధారకి మారాం. అత్తగారు అప్పటికి పోయారు. నా భార్య తమ్ముడికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి, టౌన్‌షిప్‌లో క్వార్టర్ ఇచ్చారు. అతనికి కొడుకు పుట్టాడు. అక్కకి జరిగినది అతనికి తెలుసు, కానీ అప్పుడు చిన్నవాడు, వివరాలు తెలియవు. "పిల్లల పుస్తకం ఏదైనా ఉంటే ఇవ్వండి బావగారూ" అని అడిగితే, ఆ పుస్తకమే ఇచ్చాను. నా భార్యకి చెప్పకుండా ఇచ్చాను. ఇస్తూ, "పరుపు మాత్రం గట్టిగా ఉండాలి, అది మరిచిపోకు," అని రెండుసార్లు చెప్పాను.

బాబుకి రెండో నెలలో జలుబు చేసింది. మా ఇంటికి దగ్గర్లో ఒక పిల్లల డాక్టరు ఉంటే అక్కడికి తీసుకెళ్లాం. నా బావమరిది, అతని భార్య, నేను. డాక్టరు నడివయసువాడు, సరదా మనిషి. ముక్కు చూశాడు, ఛాతీ విన్నాడు.

"ఎలా పడుకోబెడుతున్నారు?"

"బోర్లా అండి. గట్టి పరుపు మీద," అన్నాడు నా బావమరిది. "మా బావగారి దగ్గర మంచి పుస్తకం ఉంది."

"వద్దు. వెల్లకిలా వేయండి. బయటి దేశాల్లో ఇప్పుడు మాట మారుస్తున్నారు. బోర్లా వేసిన పిల్లలు కొందరు నిద్రలో పోతున్నారని అనుమానం. నిద్రలోనే, ఏ జబ్బూ లేకుండా."

"గట్టి పరుపు అయినా?" అని నేను అడిగాను.

"గట్టిదైనా. మెత్తదైతే ఇంకా చెడ్డ."

"పాలు అడ్డం పడవా?"

"పడవండి. పిల్లలు తల పక్కకి తిప్పుకుంటారు. మా అమ్మమ్మలు అలాగే పెంచారు కదా."

"ఎప్పటి నుంచి చెబుతున్నారు ఇలా?"

"ఈమధ్యే. నేనే పదేళ్లు బోర్లా వేయమని చెప్పాను. అప్పట్లో మా పుస్తకాల్లో అదే ఉండేది," అని నవ్వి, చీటీ మీద చుక్కల మందు రాశాడు.

ఆ నవ్వులో చెడ్డతనం ఏమీ లేదు. రెండో పాప గుర్తొచ్చింది, బొంత మీద బోర్లా, అత్తగారి చేతులు. నేను వాదించి ఉంటే? నాకు వాదించడం వచ్చు. ఇంగ్లీషులో కారణాలతో సహా వచ్చు. ఎదురుగా నా బావమరిది భార్య భుజం మీద బాబు ముక్కు గురగురమంటోంది. పద్నాలుగేళ్ల తర్వాత అదే పేజీని మూడో బిడ్డకి నా చేత్తో ఇచ్చాను.

ఇంటికి వెళ్లి నా భార్యకి అంతా చెప్పాను. పుస్తకం ఇచ్చిన సంగతి కూడా. ఆమె చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఆపలేదు. నన్ను తిడుతుందనుకున్నాను. పాప పోయిన రోజు నుంచి ఆ పుస్తకాన్నే, నన్నే తప్పుపడుతోందని నేను అనుకుంటూ వచ్చాను.

"లేపనా అని అడిగాను మిమ్మల్ని," అంది.

"అవును. వద్దన్నాను."

"అడిగాను. తల్లినయ్యుండీ అడిగాను. అడక్కుండా లేపాల్సింది. పద్నాలుగేళ్ల నుంచి నాకు అదొక్కటే. మీ బోర్లా గురించి, పరుపు గురించి నేను ఎప్పుడూ అనుకోలేదండి."

ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే కంచాలు కడుక్కున్నాం. నాకు తెలియదు.

అప్పటికే పోయి ఉండవచ్చు, నువ్వు వచ్చేసరికే, అన్నాను. అది ఓదార్పో కాదో నాకే తెలియలేదు. ఆమె చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, చీర మార్చుకుని వచ్చింది.

"పదండి. డాక్టరు చెప్పాడని వాళ్లు వింటారో లేదో. బావగారి పుస్తకం ఉందిగా అనుకుంటారు."

ద్వారకా నగర్ వెళ్లి బస్టాండు కాంప్లెక్స్‌లో టౌన్‌షిప్ బస్సు ఎక్కాం. గంట పైన పట్టింది. మేము వెళ్లేసరికి బాబు నిద్రపోతున్నాడు, వెల్లకిలా, నోరు తెరుచుకుని. నా బావమరిది భార్య కంగారు పడింది, ఇంత హఠాత్తుగా ఎందుకు వచ్చారోనని. నా భార్య మంచం దగ్గర కూర్చుని వాడి మొహం చూస్తూ ఉంది. తర్వాత, "వీణ్ణి ఓసారి లేపనా?" అని, ఎవరూ జవాబు చెప్పకముందే లేపింది. వాడు గట్టిగా ఏడ్చాడు. ఆమె ఎత్తుకుంది.

పుస్తకం వెనక్కి తెచ్చుకున్నాను. చింపలేదు. నోటుబుక్కు దాని పక్కనే ఉంది. మా రెండు ఇళ్లలో ఆ తర్వాత పుట్టిన ఏ బిడ్డనీ బోర్లా పడుకోబెట్టలేదు.